ఎవరి కాలి నరం?

"పాపకు ఎన్నేళ్లు?" స్కాన్ ఫిల్మును వెలుగుకు ఎత్తి పట్టుకొని అడిగాడు డాక్టర్ ఆనంద్ బాబు.

"పన్నెండు నిండినయి సార్," అన్నాడు తండ్రి శాంసన్.

చక్రాల కుర్చీలో కూర్చున్న జెన్నీ మోకాలి మీద చెయ్యి పెట్టుకొని డాక్టర్ ముఖంలోకే చూస్తోంది. ఆలూరులో బడి మైదానంలో ఖోఖో ఆడుతూ, స్తంభం దగ్గర గిరుక్కున తిరిగినప్పుడు ఆ కాలు మెలిపడింది. చేవెళ్లలో కట్టు కట్టించారు. వాపైతే తగ్గింది కానీ, నాలుగడుగులు వేస్తే చాలు, మోకాలు పట్టు తప్పి జారిపోతోంది. అందుకే భార్యాభర్తలిద్దరూ పనులు మానుకొని పిల్లను మొయినాబాద్ ఆసుపత్రి దాకా తీసుకొచ్చారు.

"లోపల ఎముకల్ని పట్టి ఉంచే నరం తెగింది. కొత్తది వెయ్యాలి," అన్నాడు డాక్టర్. "ఎక్కడిది తీసి వెయ్యాలన్నది వయసును బట్టి ఉంటుంది. మీ వయసువాళ్లకైతే సొంత తొడ నరమే తీస్తాం. ఇంకా పెద్దవాళ్లకు, చనిపోయినవాళ్లు దానం చేసింది వేసినా సరిపోతుంది. ఎగిరి దూకే పిల్లలకు అది వేస్తే మళ్లీ తెగే భయం ఎక్కువ."

"మరి దానిదే తియ్యరాదా సార్?" అడిగాడు శాంసన్.

"ఈ పాప నరం మరీ సన్నగా ఉంది. ఇట్లాంటప్పుడు కొన్నిచోట్ల అమ్మదో నాన్నదో తీసి వేస్తున్నారు. నేనూ వేశాను. బాగా నిలబడుతున్నాయి."

"నేను మళ్ల ఖోఖో ఆడ్తనా సార్?" అడ్డం వచ్చింది జెన్నీ.

"ముందు నడువమ్మా."

"నడుస్త. తర్వాత ఆడ్తనా?"

డాక్టర్ నవ్వాడు. "చెప్పినట్టు వింటే, ఏడాది దాటినాక చూద్దాం."

శాంసన్ భార్య ప్రేమజ్యోతి గొంతు సవరించుకుంది. "సార్, రక్తం కలవాల్నా?"

"అక్కర్లేదమ్మా. ఇది కిడ్నీ లాంటిది కాదు, తాడు లాంటిది. వేసినాక పాప ఒళ్లే దాన్ని మెల్లగా తనదిగా చేసుకుంటుంది."

తనదిగా చేసుకుంటుంది. ఆ మాటను ప్రేమజ్యోతి మనసులోనే మళ్లీ అనుకుంది.

భార్యాభర్తలిద్దరి కాళ్లూ పరీక్షించారు. ఇద్దరి నరాలూ పనికొస్తాయన్నారు. ఇచ్చినవాళ్లకు కొన్నాళ్లు ఆ కాలు బలం తగ్గుతుందనీ, కింద కూర్చొని లేవడం కష్టమవుతుందనీ కూడా చెప్పారు.

గది బయటికి రాగానే శాంసన్ తేల్చేశాడు. "నాది ఇస్త. నువ్వు దినమంత మళ్లల్ల గొంతుక్కూర్చొని పాలకూర కోసేదానివి. నీకు కాలు లేకుంటె ఎట్ల?"

"నువ్వు బడి బస్సు నడుపాలె. నీకు కాలు వద్దా?"

"లీవు పెడ్త."

"నేను కూడ పని బంద్ పెడ్త."

"గిదేం పంతం? నేను దాని తండ్రిని కానా?"

పెళ్లయిన ఇన్నేళ్లలో ప్రేమజ్యోతి అతని మాట కాదన్న సందర్భాలు తక్కువ. ఈసారి గోడకానుకొని, కొంగు వేలికి చుట్టుకుంటూ పట్టు వదలకుండా నిలబడింది.

"అమ్మా, నీకు నొస్తది. బాపుదే తియ్యమను," అంది జెన్నీ.

"నొయ్యనీ బిడ్డ."

డాక్టర్ మళ్లీ పిలిచి ఎవరిస్తున్నారని అడిగాడు. శాంసన్ నోరు తెరిచేలోపే, "నాదే సార్," అంది ప్రేమజ్యోతి.

డాక్టర్ ఆమెనూ జెన్నీనీ మార్చి మార్చి చూశాడు. "పాపకు ఈ మొండితనం ఎక్కణ్నుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసింది!"

ప్రేమజ్యోతి ముఖం ఒక్కసారిగా వెలిగిపోయింది. సిగ్గుపడి తల దించుకుంది. ఆ వెలుగు చూశాక శాంసన్ ఇక వాదించలేదు.

ఆపరేషన్ అనుకున్నట్టే జరిగింది. సాయంత్రానికి తల్లీకూతుళ్లను పక్కపక్క మంచాల మీదకు చేర్చారు. ఇద్దరికీ కుడికాలికే తెల్లటి కట్టు. జెన్నీ మందు మత్తులో నిద్రపోతోంది. ప్రేమజ్యోతి మాత్రం నొప్పికి పళ్లు బిగబట్టి, పక్కకు ఒత్తిగిలి పిల్ల మోకాలినే చూస్తోంది.

శాంసన్ రెండు మంచాల నడుమ స్టూలు వేసుకొని కూర్చున్నాడు. గ్లాసులో నీళ్లు పోసి ఆమె తల ఎత్తి తాగించాడు.

"నొస్తున్నదా?"

"జర."

"ఇప్పుడన్న చెప్పు. నాది ఎందుకు వద్దన్నవ్?"

ఆమె చెయ్యి చాపింది. అందలేదు. శాంసన్ లేచి జెన్నీ మంచాన్ని దగ్గరికి జరిపాడు. ఆమె ఆ తెల్లటి కట్టు మీద మెల్లగా చెయ్యి ఆనించింది.

"నీది దానిల ముందే ఉన్నది," అంది. "నాదే లేకుండె."

జెన్నీని కన్న తల్లి కాన్పులోనే చనిపోయింది.