వాకిట్లో వేపమండలు

వాకిలికి వేపమండలు కడుతున్న చెంచులక్ష్మి చెయ్యి పట్టుకుంది అత్త నాగమ్మ.

"ఇంట్లో ఎవరికీ అమ్మవారు పొయ్యకుండానే మండలు కడతావా? ఊళ్లో ఏమనుకుంటారు?"

"అనుకోనీ అత్తా! మొన్నటి వైరస్ జొరం తర్వాత మన పాప పావని గుండె రక్తనాళాలు వాచినాయి. దానికని ఇప్పుడు మింగే ఆస్పిరిన్ మాత్ర వల్ల, అమ్మవారు పోసినా ఫ్లూ తగిలినా ప్రాణానికే ముప్పని డాక్టరు చెప్పలేదా? ఎదురింట్లో పిల్లకు పోసింది. రావద్దని నోటితో చెబితే ఒక్కరన్నా ఆగినారా? ఈ మండలు చూస్తే ఆగుతారు."

"లేని అమ్మవారిని పిలుస్తున్నావు" అని గొణుక్కుంటూ నాగమ్మ లోపలికి పోయింది.

అంతలో ఆటో ఆగింది. నాగమ్మ తమ్ముడు ఆదిశేషు, దగ్గుతున్న మనవరాలిని చంకనేసుకుని, పావనిని చూడ్డానికి గిద్దలూరు నుంచి వచ్చాడు. అత్త పుట్టింటివాళ్లను ఎట్లా ఆపాలో చెంచులక్ష్మికి తోచలేదు. అయినా గడపకు అడ్డంగా నిలబడింది.

ఆమె నోరు తెరిచేలోపే వెనకనుంచి కేక వినిపించింది.

"ఆడనే ఆగు, ఆదిశేషూ!"

మండలు చూసి అతను వెనక్కి తగ్గాడు. "అయ్యో, ఎవరికి పోసిందక్కా?"

నాగమ్మ వచ్చి కోడలి పక్కన నిలబడింది.

"ఎవరికీ పొయ్యలేదు. పొయ్యకుండా కట్టినాము."