జున్ను ఒప్పుకున్న రెండో చెయ్యి

"వారం నుంచి నా షుగర్ అదుపులో ఉంది," అని మా పిల్లి జున్ను తన మెడపట్టీలోంచి ప్రకటించగానే, సంతోషంలో నా భర్త వినీల్ దోసె మాడబెట్టేశాడు. నాకూ సంతోషమే. మా పెళ్లయి ఇరవై మూడు రోజులు, జున్నుకు షుగరని తెలిసి ఇరవై.

ఈ రోజుల్లో మాట్లాడే మెడపట్టీ లేని జంతువు లేదు. పై ఫ్లాట్‌లో చిలుక తన థైరాయిడ్ మాత్ర తనే అడిగి మింగుతుంది. జున్ను మాత్రం ఉదయం ఏడింటికీ సాయంత్రం ఏడింటికీ తిండి తినేసి, "వినీల్ చేత్తోనే," అంటుంది. అతను దాన్ని ఒళ్లో పెట్టుకుని, మెడ దగ్గర చర్మం పైకెత్తి, "మా బంగారం కదూ," అంటూ ఇన్సులిన్ సూది గుచ్చుతాడు. నన్ను ఇంతవరకూ ఒట్టి లాస్యా అనే పిలిచాడు.

"ఇక ఇంకొకరూ నేర్చుకోవచ్చు," అంది జున్ను. "లాస్య అయినా ఫరవాలేదు. వినీల్ గొంతు మాత్రం వినిపించాలి."

"అయినా ఫరవాలేదట. నీ పిల్లికి ఎంత పొగరో చూడు," అన్నాను.

"నీకు కుళ్లు," అన్నాడు వినీల్ నవ్వుతూ.

"కుళ్లే. దాచుకుంటున్నానా?"

జున్ను వచ్చి నా పాదం మీద తోక వేసుకుని కూర్చుంది. తోక వెచ్చగా, హాయిగా ఉంది. అయినా నేను కరగలేదు.

"రేపు ఉదయం సూది నేను వేస్తాను. నువ్వు ఎదురుగా కూర్చుని బంగారం అను."

"అలాగే, దాని వైపే చూస్తూ అంటాను."

"అది చెవులతో వింటుందిలే. నువ్వు నా వైపు చూసి అను."