వరహాలమ్మ మాడుగిన్నె

గిన్నెలు తోమే పనిని ఇంటింటా క్రేఫిష్ అనే పెద్ద మంచినీటి రొయ్యల పిల్లలకు అప్పగించిన రోజులవి. పక్కింటి అచ్చియ్యమ్మ పెంచే రొయ్యపిల్లలకు అప్పుడే నోట్లో రంపాల్లాంటి పళ్ళు మొలిచాయి. ఆవిడ గిన్నెలు అద్దాల్లా మెరుస్తుంటే వరహాలమ్మకు అన్నం సయించడం లేదు. తన రొయ్యపిల్లలేమో మెత్తని నోళ్ళతో ఇంకా తల్లిరొయ్య కడుపు పట్టుకునే వేలాడుతున్నాయి.

"మీవాటివి ఇంకా బోసినోళ్ళేనా వదినా?" అని అచ్చియ్యమ్మ రోజూ గోడ మీంచి అడిగేది.

మరోసారి పెంకు విడిచాక వాటికీ పళ్ళొచ్చాయి. వరహాలమ్మ అటక మీది మసిగిన్నెను దించి పిల్లలున్న తొట్టిలో వేసి, అచ్చియ్యమ్మను చెయ్యి పట్టి లాక్కొచ్చింది. పిల్లలు పరపరా గీకేశాయి. మసి కింద చెక్కిన పేరు బయటపడింది: అచ్చియ్యమ్మ.

"ఇదా నా పులుసుగిన్నె! ఆరేళ్ళుగా వెతుకుతున్నాను!"

వరహాలమ్మ తొణకలేదు. "చూశావా వదినా, మా పిల్లలకు నువ్వంటే ఎంత ప్రేమో! పళ్ళొచ్చీ రాగానే నీ పేరే చెక్కాయి."