యాభై అడుగుల దూరంలో రాకాసి గుళ్లు

రాములు వేలి కణుపుతో బండను కొట్టాడు. చప్పుడు లేదు.

"విన్నరా సార్? మోగది. గిది అసలు రాయి. మా సెట్టు రాయైతే డబ్బా లెక్క మోగుతది."

సూర్యప్రకాశరావు మడతకుర్చీలో కూర్చునే తల ఊపాడు. రెండు మోకాళ్లూ మార్పించుకున్న మనిషి. ఎక్కువ నడక ఉండకూడదని, వేరే జనం వెంట రాకూడదని ముందే ఫోన్లో చెప్పించాడు. కారు గుట్టెక్కి రాళ్ల దాపునే ఆగింది. అక్కణ్ణించి యాభై అడుగులు. ఆ యాభై కూడా మనవరాలు వర్ణిక చెయ్యి పట్టుకుని నడిపించింది.

ఫిల్మ్‌నగర్ వెనక గుట్ట. నిలువురాళ్ల మీద ఒక అడ్డబండ, చుట్టూ గుండ్రంగా పాతిన రాళ్లు. రాకాసి గుళ్లంటారు బస్తీవాళ్లు. మనిషి ఇనుము కరిగించడం కొత్తగా నేర్చిన రోజుల నాటి సమాధులు.

జూబ్లీహిల్స్‌లో ఇలాంటివి ఎన్ని ఉండేవో ఎవడు లెక్కపెట్టాడు? పేల్చారు, పునాదులు తీశారు, చచ్చినవాళ్ల నెత్తిన ఈతకొలనులు కట్టుకున్నారు. రాములుకు తెలిసి మిగిలింది ఇదొక్కటే.

నిరుడు ఎవడో వచ్చి గుట్టను కొలిచి, అడ్డబండ మీద పసుపు రంగుతో నంబరు వేసి పోయాడు. కడిగినా పోలేదు.

గుట్ట కింద నలభై ఇళ్లు. ఒకటి రాములుది. రాళ్లు పాతవని సర్కారు రాసిస్తే బిల్డర్లు గుట్టకు పేలుడు మందు పెట్టడానికి లేదు. గుట్ట ఉంటే ఇళ్లుంటాయి. ఆ ఒక్క కాగితం కోసం మూడేళ్లు తిరిగితే ఇన్నాళ్లకు సర్కారు ఆఫీసులో ఒక కుర్చీ కదిలింది. సోమవారం పొద్దున ఆఫీసరు వచ్చి చూస్తానన్నాడు.

ఇవాళ శనివారం.

ఎంతమంది చూస్తే అంత బలమని రాములు నమ్మకం. అడిగినవాణ్ణల్లా తీసుకొచ్చి చూపిస్తున్నాడు.

"అర్జీ మీ ఒక్కరి పేరు మీదేనటగా?" అన్నాడు సూర్యప్రకాశరావు.

"అవు సార్. బస్తోళ్లు సంతకానికి భయపడ్డరు. నాకేం భయం?"

ఈయనకెలా తెలుసని రాములుకు తట్టలేదు. అంత పెద్దమనిషి తన సంగతి విన్నాడన్న సంతోషమే తట్టింది.

"సెట్టు రాయి అన్నారు కదా అంకుల్. సినిమాలకి పనిచేశారా?" వర్ణిక అడిగింది.

రాములు ముఖం వెలిగింది. మూడేళ్లుగా అందరూ రాళ్ల గురించే అడిగారు. అతని చేతుల గురించి ఒక్కడూ అడగలేదు.

"ముప్పై ఏండ్లు మౌల్డింగ్ పనే బిడ్డా. కృష్ణానగర్‌ల ఎవర్నన్న అడుగు, మౌల్డింగ్ రాములంటే చెప్తరు. గుళ్లు చేసిన, కోటలు చేసిన. ఎంత పెద్ద రాజైనా నా థర్మాకోల్ మీదనే కూసోవాలె."

ముసలాయన నవ్వాడు. "ఇలాంటివి కూడా చేశారా?"

"గిసొంటివా? గీడనే చేసిన సార్! పన్నెండేండ్ల కింద ఈ గుట్ట మీద షూటింగ్ అయింది. ఐదు రాళ్లు తక్కువ పడ్డయన్నరు. వీటికే అచ్చు తీసి, ప్లాస్టర్ పోసి, రంగేసి నడుమల నిలబెట్టిన. డైరెక్టర్ గుర్తుపట్టలే. హీరో అయితే మెత్తటిది అనుకొని అసలు రాయిని తన్నిండు. రెండు దినాలు కుంటుకుంట తిరిగిండు!"

వర్ణిక పడీపడీ నవ్వింది. ఫోను పైకెత్తింది.

"అంకుల్, ప్లీజ్, ఇది మళ్లీ చెప్పరా? వీడియో తీసుకుంటాను. మీ పేరుతో మొదలుపెట్టండి. ఆ రాయి మీద చెయ్యి వెయ్యండి. ఆఁ, అలా."

రాములు చొక్కా సర్దుకున్నాడు. ముప్పై ఏళ్లూ కెమెరా వెనకే బతికాడు. తెర మీద పేరు ఒక్కసారీ పడలేదు.

"నా పేరు రాములు. మౌల్డింగ్ రాములంటరు. ఈ గుట్ట మీద రాళ్లు నేనే చేసిన..."

అన్నీ చెప్పాడు. చేసినవి ఐదేనని, షూటింగ్ కాగానే వాటిని పీకేశారని, ఇప్పుడున్నవన్నీ అసలువేనని చెప్పాడు. హీరో కాలు సంగతికి వచ్చేసరికి చూశాడు. ఆమె ఫోను ఎప్పుడో దించేసింది.

"ఇంక ఉన్నది బిడ్డా."

"చాలంకుల్. సూపర్‌గా వచ్చింది."

సూర్యప్రకాశరావు లేచాడు. గుళ్ల వైపు చూడలేదు. వచ్చిన దారి వైపు చూశాడు.

"కారు అడుగు ఎక్కడా తగల్లేదు కదయ్యా?" అని డ్రైవర్ని అడిగాడు.

"లేద్సార్. లారీ అయినా ఎక్కుద్ది."

"ఎక్కుతది సార్," అన్నాడు రాములు హుషారుగా. "సెట్టు సామానంత లారీలల్లనే తెచ్చినం. గా దారి చూపిచ్చిందే నేను."

కుర్చీ మడిచి తనే డిక్కీలో పెట్టాడు. ముసలాయన కాళ్లు లోపలికి సర్దుకునేదాకా కారు తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"మీ తరఫోళ్లు ఎవరన్న ఉంటే రేపు తోలియ్యున్రి సార్. నడక లేదని చెప్పున్రి."

"వస్తారండీ, రేపే వస్తారు. మీరు శ్రమపడి రానక్కర్లేదు. దారి తెలిసిందిగా."

కారు మలుపు తిరుగుతుంటే, సగం దించిన అద్దంలోంచి రాములు గొంతు రాములుకే వినపడింది.

"...ఈ గుట్ట మీద రాళ్లు నేనే చేసిన."

ఆగింది. మళ్లీ మొదటి నుంచి వచ్చింది. మళ్లీ అక్కడే ఆగింది. ఆ తర్వాతి మాట ఒక్కటీ రాలేదు.

అద్దం పైకెక్కింది.

దుమ్ము అణిగేదాకా రాములు కదల్లేదు.

తర్వాత వెనక్కి వచ్చి, వేలి కణుపుతో బండను కొట్టాడు. చెవి ఆనించి, మళ్లీ కొట్టాడు.