కొండముచ్చుల నెత్తురు

“పెరుగు పక్కన ఈ నెత్తురు సీసాలేటి బావా? నానేటి తోడెట్టుకోను?” ఫ్రిజ్ తలుపు పట్టుకుని అరిచింది లోవలక్ష్మి.

“కొండముచ్చులవి. రేపు యూనివర్సిటీకి పట్టుకుపోతాను,” అన్నాడు మన్మథరావు. డాక్టరేటు వచ్చాక కూడా అడవి జంతువుల వంశాల మీద పరిశోధన వదలని మనిషి అతను.

“ఏటుంటాది దాన్లో?”

“కొండ చుట్టూ జీడితోటలేసేశారు. ఆ మందలోకి కొత్తవి రావు. తమలో తామే జతకట్టి కంటున్నాయి, పిల్లలు దక్కట్లేదు. ఓ తల్లి చచ్చిన పిల్లని ఇంకా మోసుకు తిరుగుతోంది.”

పెరుగు గిన్నె గట్టు మీద పెట్టి ఆమె అతనివైపు తిరిగింది. భర్త మన్మథరావు ఆమెకి సొంత మేనత్త కొడుకు. కూతురు హేమకి ముందు పుట్టిన మగపిల్లలిద్దరూ పురిట్లోనే పోయారు.

“మనకీ అంతేనా బావా?”

“కచ్చితంగా చెప్పలేం. కావచ్చు.”

“ఎప్పట్నుంచి తెలుసు?”

“రెండోవాడు పోయినప్పట్నుంచీ. అమ్మ ముందు చెప్పడానికి నోరు రాలేదు.”

మధ్యాహ్నం అందరూ భోజనాలకి కూర్చున్నారు. “ఆదివారం మీ అన్నయ్యోళ్లు తాంబూలాలకొత్తారు. హేమకి సీర బేగి కొనండే,” అంది అత్తగారు రామాయమ్మ.

“హేమని మా అన్నయ్య కొడుక్కి ఇవ్వనత్తా.”

“అదేటే? ఆళ్లేటి పరాయోళ్లా?”

“పరాయోళ్లు కాకపోబట్టేనమ్మా,” అన్నాడు మన్మథరావు.