సగటు తీసిన తప్పు

మాస్టారు బీరువాలోని పుస్తకాలు అట్టపెట్టెల్లోకి సర్దుతుంటే ఆమె గుమ్మంలోనే నిలబడిపోయింది. తనకు ఫిజిక్సులో ఓనమాలు దిద్దించిన మనిషి, ఇంకా రెండేళ్ల ఉద్యోగం ఉండగానే మానేసి వెళ్లిపోతున్నారు. ఎందుకని అడిగితే, జీవితమంతా అయస్కాంతాలతో గడిపిన బుర్రకు కొత్త విద్యలు అంటవని నవ్వేశారు.

"కూర్చోమ్మా. ముఖం అలా వాడిపోయిందేం?" అంటూ ఆయనా ఎదుటి కుర్చీలో కూర్చున్నారు.

ఆమె సిగ్గుపడుతూ ఒక్కొక్కటే బయటపెట్టింది. ఆర్నెల్ల కిందట ఒక సైన్సు పత్రికవాళ్లు అచ్చుకొచ్చిన పరిశోధన పేపరు పంపి మంచిచెడ్డలు చెప్పమన్నారు. రాసిందెవరో ఆమెకు తెలియదు, దిద్దిందెవరో రాసినవారికి తెలియదు. అక్కడి పద్ధతే అంత. కొన్ని పదార్థాల్లో సమాచారం ఏ ఒక్క కణంలోనూ ఉండదు, కణాలన్నీ కలిసిన అల్లికలో ఉంటుంది. బయటి రొద తగిలి అంతా కలగాపులగమైనా, ఒక హద్దు వరకు ఆ అల్లిక బతికే ఉంటుందని పేపరు వాదన. ఆమె ఆ లెక్కను కంప్యూటరు మీద వెయ్యిసార్లు నడిపి సగటు తీసింది. గ్రాఫులో గీత ఎక్కడా వంగలేదు. హద్దూ లేదు గిద్దూ లేదని కొట్టిపారేసింది. తోటివాళ్లు ఆమెను కత్తెరమ్మ అనేవారు, ఆమె దాన్ని బిరుదనుకునేది.

కిందటి వారం క్లాసులో పాఠం చెబుతూ చెబుతూ గతుక్కుమంది. ఆ హద్దు సగటులో కనిపించదు. ప్రతిసారీ రొద ఎక్కడెక్కడ తగిలిందో విడిగా పట్టుకుని సరిదిద్దాకే సగటు తీయాలి. పేపరులో ఉన్నదీ అదే. పప్పులో కాలేసింది తనే.

"తప్పులు అందరూ చేస్తారు," అన్నారు మాస్టారు. "మర్యాదగానే రాశావు కదా?"

ఆమె తల వంచుకుంది. "లేదండీ. ఈ రాసినవారు మళ్లీ ఓనమాల నుంచి మొదలుపెట్టాలి అని రాశాను."

మాస్టారు కిటికీ వైపు చూస్తూ ఊఁ కొట్టారు. పత్రికవాళ్లకు చెప్పావా అని అడిగారు. చెప్పిందట. రాసినవారు పేపరు వెనక్కి తీసుకున్నారనీ, ఇంకెక్కడికీ పంపనన్నారనీ, పేరు మాత్రం చెప్పకూడదనీ జవాబొచ్చిందట.

"పోనీలేమ్మా. వాళ్లీపాటికి మరచిపోయి ఉంటారు."

"నేను మరచిపోలేను మాస్టారూ. తల ఎత్తుకోలేకపోతున్నాను. అదెవరో తెలిస్తే ఈ క్షణమే వెళ్లి కాళ్లు పట్టుకుంటాను."

మాస్టారు తన కాళ్లు కుర్చీ కిందకు లాక్కున్నారు.