పిల్లల రిక్షా వెంట

కూతురు సంజనను ఎత్తుకుపోవడానికి పథకం తయారైందని రాజకుమారికి సోమవారం పొద్దున్నే అర్థమైపోయింది.

ఆగస్టు ముసురుకి స్కూలు వ్యాను నీళ్లలో ఆగిపోయి, ఇంజను చెడి షెడ్డుకి చేరింది. అశోక్‌నగర్‌లో ఆ వీధివాళ్లంతా కలిసి, పిల్లల్ని నారాయణగూడలో స్కూలు దగ్గర దింపడానికి ఈదయ్య రిక్షా మాట్లాడారు. పాలమూరు నుంచి వచ్చిన మనిషి. ఐదుగురు పిల్లలు ఎక్కారో లేదో, వాన పరదా దించేశాడు. లోపల ఎవరున్నారో బయటికి కనపడదు. పైగా పది గజాలకోసారి వెనక్కి తిరిగి చూస్తున్నాడు.

తప్పు చేయనివాడు వెనక్కెందుకు చూస్తాడు?

రాజకుమారి పరుగున వెళ్లి, వీధి మలుపులో ఉన్న ఖాళీ రిక్షా ఎక్కేసింది.

"ఆ పిల్లల రిక్షా వెంట పోనీ. జల్ది!"

"అమ్మా, గీ బండి..." అని నసిగాడు రిక్షావాడు. అతని పేరు చెన్నయ్య.

"మాటలొద్దు. నా బిడ్డ పోతున్నది!"

చెన్నయ్య తొక్కడం మొదలుపెట్టాడు. కిరాయి ఎంతిస్తావని కూడా అడగలేదు. కిరాయి అడగని రిక్షావాడిని రాజకుమారి బుద్ధెరిగాక చూడలేదు.

అంతలో ముందు నుంచి ఈదయ్య చెయ్యూపాడు. చెన్నయ్య రెండుసార్లు గంట కొట్టాడు.

సైగలు! ఇద్దరిదీ ఒకటే ముఠా.

ఆ రోజు సంజన క్షేమంగానే స్కూలు చేరింది. మొదటి రోజే ఎత్తుకుపోతే అందరికీ అనుమానం వస్తుందని ఆగి ఉంటారు.

మంగళవారమూ, బుధవారమూ అంతే. అదే మలుపులో అదే చెన్నయ్య సిద్ధంగా ఉన్నాడు. అవే సైగలు. పైగా ఈదయ్య మొదటి రోజు వెళ్లిన దారిన మర్నాడు వెళ్లలేదు.

"రోజుకో సందుల తిప్పుతున్నడు. పారిపోయేటందుకు తొవ్వలు చూసి పెట్టుకుంటున్నడండీ!" అంది భర్త విద్యాసాగర్‌తో.

"వ్యాను బోల్తా పడ్తదంటివి. సిటీ బస్సుల పిల్ల తప్పిపోతదంటివి. ఇప్పుడు రిక్షా దొంగదైందా? జర చాయ్ పెట్టు, పరేషాన్ కాకు," అన్నాడాయన నవ్వుతూ.

కన్నతల్లికి పరేషాన్ కాక ఏముంటుంది? గురువారం ఆమె పక్కింటి కానిస్టేబుల్ జగదీశ్వర్‌ను వెంటబెట్టుకుని బయల్దేరింది. ఆయన బొజ్జతో సహా ఎక్కి కూర్చోగానే చెన్నయ్య రిక్షా మూలిగింది. చెన్నయ్య కూడా మూలిగాడు.

చిక్కడపల్లి మలుపులో మోకాలు లోతు నీళ్లు. నడి నీళ్లలో ఈదయ్య రిక్షా ఆగిపోయింది. దిగి వెనక్కి పరుగెత్తుకొచ్చాడు. చెన్నయ్య రిక్షాలో ఇద్దరు కూర్చుని ఉండడం చూసి నెత్తి కొట్టుకున్నాడు. మళ్లీ తన రిక్షా దగ్గరికి వెళ్లి, పరదా ఎత్తి, సంజనను భుజాన వేసుకున్నాడు.

"అన్నా! ఎత్తుకపోతున్నడు!" అని కేక పెట్టింది రాజకుమారి.

జగదీశ్వర్ నీళ్లలోకి దూకి, ఈదయ్య కాలరు పట్టుకున్నాడు. "పిల్లను యాడికి తీస్కపోతున్నవ్ బే?"

"బడికే సారూ! చెయిన్ తెగింది. ఒక్కొక్కలను మోసి ఒడ్డుకు చేరుస్తున్న."

"మరి రోజుకో సందుల ఎందుకు తిప్పుతున్నవ్?" అని గద్దించింది రాజకుమారి.

"ఏ సందుల నీళ్లు లేకుంటె ఆ సందులకెల్లి పోతున్నమ్మా."

"వెనక్కి చూసుడేంది? చేతులతోటి ఆ సైగలేంది? అది చెప్పు!"

భుజం మీద సంజన అమ్మను చూసి కేరింతలు కొడుతోంది. చెన్నయ్య మాత్రం తల దించుకుని నీళ్ల వైపే చూస్తున్నాడు.

"వానల పిల్లల బండి యాడన్న ఆగుతదని వెనకాల ఒక ఖాళీ బండి రావాలె, అది మా రిక్షా అడ్డా కాయిదా సారూ," అన్నాడు ఈదయ్య ఏడుపు గొంతుతో, "సోమారం సంది ఆ ఖాళీ బండిల ఈ అమ్మనే ఎక్కి కూసుంటున్నది, దింపురా దింపురా అని నేను చెయ్యూపుతనే ఉన్న!"